అమ్మా అత్తా దగ్గర లేని బాలింత: పాలివ్వడంపై అపోహలు – వాస్తవాలు

బాలింతల వార్డులో పాలిచ్చే తల్లులకు సాయం చేయడం నా పని. పుట్టింటికి వెళ్లే వీలు లేనివాళ్లు, ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చినవాళ్లు, పెళ్లి విషయంలో రెండు వైపులా మాటలు ఆగిపోయినవాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. పెద్దదిక్కు లేదన్న దిగులుకు ఫోన్‌లో వచ్చే సలహాల టెన్షన్ తోడవుతుంది. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: పెద్దవాళ్లు పక్కన లేకపోతే పాలు పట్టడం చేతకాదు.

వాస్తవం: బిడ్డ చీకుతూ ఉంటే, రొమ్ము ఖాళీ అవుతూ ఉంటే పాలు ఊరుతాయి. కొత్త తల్లి ముందుగా నేర్చుకోవాల్సింది బిడ్డకు రొమ్ము పట్టించే తీరు. బిడ్డ నోరు బాగా తెరిచాకే దగ్గరకు తీసుకోండి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. పాలు దిగాక గుటక వినిపిస్తుంది. కుదరకపోతే శుభ్రంగా కడిగిన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. చనుమొన పగిలి రక్తం వస్తుంటే “ఓర్చుకోవాలమ్మా” అంటారు. ఓర్చుకోవద్దు. చాలావరకు అది పట్టు సరిగా కుదరకపోవడం వల్లే, సరిచేస్తే తగ్గుతుంది. ఆపరేషన్ అయినవాళ్లు పక్కకు తిరిగి పడుకుని ఇస్తే కుట్ల మీద బరువు పడదు.

అపోహ: రెండు రోజులైనా పాలు పడలేదు, డబ్బాపాలు పట్టెయ్యండి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. కొద్దిగానే ఉంటాయి, మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారి చిన్న చెంచాడు చాలు. అవసరం లేకుండా డబ్బాపాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, దాంతో పాలు ఊరడమూ తగ్గుతుంది. ఆ తర్వాత “పాలు లేవు” అన్న మాటే నిజమైపోతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా ఇవ్వాలి. చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తేల్చకండి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోస్తూ, విరేచనం పసుపు రంగుకు మారితే చాలుతున్నట్టే. మొదట్లో కాస్త తగ్గిన బరువు మామూలుగా రెండు వారాలకల్లా తిరిగి వస్తుంది. మూత్రం తగ్గినా, బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, బరువు 10 శాతం మించి తగ్గినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. అప్పుడు ఆయన పైపాలు పట్టమంటే పట్టండి. అందులో మీ తప్పేమీ లేదు.

అపోహ: పుట్టగానే తేనె నాకించాలి, ఎండాకాలం నీళ్లు పట్టాలి.

వాస్తవం: ఏడాది లోపు తేనె ప్రమాదం. ఆరు నెలల వరకు నీళ్లూ వద్దు, తల్లిపాలలోనే ఉన్నాయి.

అపోహ: బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదు.

వాస్తవం: దాహం వేసినప్పుడల్లా తాగాలి. ఒంటరిగా ఉన్న తల్లుల్లో నేను చూసేది పథ్యం కాదు, మధ్యాహ్నం దాటినా అన్నం తినకపోవడం. కూర్చుని పాలిచ్చే చోటే నీళ్ల సీసా, అరటిపళ్లు, వేరుశనగ ఉండలు పెట్టుకోండి.

అపోహ: ఇందులో మగవాళ్లకు పనేముంది?

వాస్తవం: పాలివ్వడం తప్ప మిగతాదంతా ఆయన చేయొచ్చు. రాత్రి బిడ్డను అందించడం, భుజాన వేసుకుని త్రేన్చేదాకా వీపు నిమరడం, తడిబట్టలు మార్చడం, వంట. ఊరి నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం కూడా.

భర్త కూడా దగ్గర లేకపోతే, డిశ్చార్జికి ముందే మీ ప్రాంతపు ఆశా కార్యకర్త నంబరు తీసుకోండి. ఆసుపత్రిలో ప్రసవమైన వాళ్ల ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె రావాలన్నది ప్రభుత్వ నిబంధన. బిడ్డ బరువు చూడమని, మీరు పాలిస్తుండగా పక్కన కూర్చుని గమనించమని అడగండి. ప్రసవమై రెండు వారాలు దాటినా మీకు ఏడుపు ఆగకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.