సాకెట్‌కు 666: తగువు మొదలైంది ఎక్కడ?

అప్‌డేట్ అయ్యాక సైట్ 502 (వెనకున్న ప్రోగ్రామ్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) చూపిస్తుంది. ఎర్రర్ లాగ్ తెరిస్తే 13వ నంబర్, పర్మిషన్ డినైడ్. "సాకెట్‌కు 666 పెట్టేయండి, పోతుంది" అంటారొకరు, అంటే అందరికీ చదివే, రాసే అనుమతి ఇచ్చేయమని. వద్దు మొర్రో అంటారింకొకరు. ఈ తగువు మళ్లీ రాజుకుంది. యునిక్స్ సాకెట్ అంటే ఒకే మెషీన్‌లోని రెండు ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ఫైల్ లాంటి ద్వారం. అంతకు మించి పాఠం జోలికి పోకుండా నేరుగా 2014కి వెళ్దాం.

అప్పటిదాకా పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ (సైట్‌లోని పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) తన సాకెట్‌ను 0666తో తెరిచేది. ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా దానికి కనెక్ట్ కావచ్చు. ఫలానా ఫైల్ నడుపు అంటే చాలు, ఎఫ్‌పీఎమ్ తన యూజర్ హక్కులతో నడిపేసేది. ఒకే సర్వర్ మీద పది మంది సైట్లున్న చోట పక్కవాళ్ల డేటాబేస్ పాస్‌వర్డ్ లాగడానికి ఇంకేం కావాలి? సీవీఈ-2014-0185 అని నంబర్ పడ్డ భద్రతా లోపం ఇదే. పీహెచ్‌పీ 5.4.28, 5.5.12 వెర్షన్లలో డిఫాల్ట్‌ను 0660 చేశారు, అంటే ఓనర్‌కు, గ్రూప్‌కు మాత్రమే అనుమతి.

అయితే పాత కాన్ఫిగ్‌లలో సాకెట్ ఎవరిదో చెప్పే లిజన్ ఓనర్, లిజన్ గ్రూప్ లైన్లు సెమికోలన్ చాటునే, పనిచేయని కామెంట్లుగా ఉండిపోయాయి. సాకెట్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరు మీద పుట్టింది, వెబ్ సర్వర్ ఇంజిన్ ఎక్స్ బయటే నిలబడింది. నడుస్తున్న సైట్‌ను ప్యాచ్ పడగొట్టిందన్న అడ్మిన్ల కోపంలో నిజముంది. కానీ ఆ రెండు లైన్లలో ఇంజిన్ ఎక్స్ నడిచే యూజర్ పేరు, గ్రూప్ పేరు రాస్తే సరిపోయేది. 666 పెట్టడమంటే ప్యాచ్‌ను చేతులారా పీకేయడమే. పైగా అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో పెట్టింది రీస్టార్ట్ దాకానే, సాకెట్ మళ్లీ కొత్తగా పుడుతుంది. దాంతో కొందరు కాన్ఫిగ్‌లోని లిజన్ మోడ్ లైన్‌లోనే 0666 రాసుకున్నారు.

ఇప్పటి గొడవల్లో కొన్నింటికి అసలు సాకెట్‌తో పనే లేదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు 0755 బదులు 0750తో, అంటే ఇతరులకు దారి మూసి వస్తున్నాయి. గునికార్న్ (పైథాన్ సైట్లను నడిపే సర్వర్) సాకెట్‌ను హోమ్‌లో పెట్టుకున్నవాళ్లు పాత సర్వర్‌లో బాగానే నడిచిన కాన్ఫిగ్‌ను కొత్తదాంట్లోకి తెస్తే అదే 13. సాకెట్‌కు 777 ఇచ్చినా కదలదు, దారిలో డైరెక్టరీయే అడ్డం. నేమ్‌ఐ కమాండ్‌కు మైనస్ ఎల్ తగిలించి సాకెట్ పాత్ ఇస్తే మెట్టు మెట్టూ చూపిస్తుంది. హోమ్ వరుసలో ఇతరుల హక్కులు ఉండాల్సిన చోట మూడు గీతలు కనిపిస్తాయి. అలాంటప్పుడు సాకెట్‌ను రన్ డైరెక్టరీ కిందకు మార్చుకుంటే హోమ్‌ను ముట్టుకోనక్కర్లేదు.