ఓపెన్ సోర్స్‌లో సంతకం ముందే ఎందుకు తీసుకుంటున్నారు

తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులకు ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపే పిల్లలకు ఒక పేజీ తరచూ ఎదురవుతుంది. మీ కోడ్ తీసుకోవాలంటే ముందు ఈ ఒప్పందానికి ఒప్పుకోండి అంటుంది. రెజ్యూమెలో ఒక లైను పెరుగుతుందన్న తొందరలో చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. ఆ పేజీ వెనక పాతికేళ్ల తలనొప్పి ఉంది.

కోడ్ మీద కాపీరైట్ రాసినవాళ్లదే, లేదా వాళ్లకు జీతమిచ్చే సంస్థది. లైసెన్స్ అంటే వాడుకోవడానికి వాళ్లిచ్చిన అనుమతి. వందమంది రాసిన ప్రాజెక్టు చిత్తూరు వైపు పంపకాలు కాని మామిడి తోట లాంటిది. పెద్దన్న సాగు చూసుకోవచ్చు గానీ, తోట మొత్తం అమ్మాలంటే వాటాదారులందరి సంతకాలూ పడాల్సిందే. ప్రాజెక్టు లైసెన్స్ మార్చడమూ అలాంటిదే.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా ఈ చిక్కులో ముందే పడింది. తన కోడ్‌ను జీపీఎల్ (మార్చి పంచేవాళ్లూ అదే లైసెన్స్‌తో ఇవ్వాలనే లైసెన్స్) కింద కూడా ఇవ్వాలనుకుని, పాత కంట్రిబ్యూటర్లను, అంటే కోడ్ రాసిచ్చినవాళ్లను, వెతికి పట్టుకుని అనుమతులు తీసుకునేసరికి 2006 వచ్చింది. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్లు 2011-12లో జీపీఎల్ నుంచి కాస్త సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్‌కు మారడానికీ ఇలాగే ఒక్కొక్కరి వెంటపడ్డారు. వెబ్‌సైట్లకు ఎన్‌క్రిప్షన్ అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం 2017 మార్చిలో, అపాచీ అనే లైసెన్స్‌కు మారతామని అందరికీ మెయిళ్లు పంపి, జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటామని చెప్పింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపకుడు తియో డి రాట్ దీన్ని గట్టిగా తప్పుబట్టారు. నా ఉద్దేశంలో ఆయనదే న్యాయం. పాత మెయిల్ ఐడీ మూలన పడేసిన మనిషి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? ఏమైనా, 2021 సెప్టెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 అపాచీ లైసెన్స్‌తోనే వచ్చింది.

జనమే కలిసి గీసే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కఠినమైన దారి పట్టింది. 2012లో లైసెన్స్ మార్చేటప్పుడు, ఒప్పుకోనివాళ్లు, జవాబివ్వనివాళ్లు చేర్చిన సమాచారాన్ని మ్యాపులోంచి తీసేసింది. కొన్నిచోట్ల రోడ్లు మాయమయ్యాయి, మళ్లీ గీసుకున్నారు. నష్టం కనబడింది గానీ ఎవరి నోటా లేని మాట వాళ్లకు అంటగట్టలేదు.

వికీపీడియాకు అంత కష్టం రాలేదు. పాత లైసెన్స్‌లో ‘లేదా తర్వాతి వెర్షన్’ అన్న వెసులుబాటు ఉంది. 2008 నవంబరులో, ఆ లైసెన్స్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ విడుదల చేసిన కొత్త వెర్షన్ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌కు మారే వీలు కల్పించింది. 2009లో ఓటింగ్ పెట్టి మారిపోయారు. తెలుగు వికీపీడియాలో అప్పటిదాకా రాసినవాళ్ల వ్యాసాలూ దానితోపాటే వెళ్లాయి.

హక్కు ఒకరి చేతిలోనే ఉంటే ఈ గొడవే ఉండదు. మన లినక్స్ కంప్యూటర్లలో తెలుగు చూపించిన లోహిత్ ఫాంట్లను రెడ్ హ్యాట్ 2011లో జీపీఎల్ నుంచి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌కు ఇట్టే మార్చేసింది. కంపెనీలు ఈ సుఖం మరిగాయి. కోడ్ మీ సొంతమే అయినా, దాన్ని మాకు నచ్చిన షరతులతో పంచే అనుమతి ఇప్పుడే ఇచ్చేయండి అన్న ఒప్పందం అలా మామూలైంది. సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, సర్వర్ల ఏర్పాటుకు వాడే టెర్రాఫామ్ 2023లో ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లు వదిలేసినప్పుడు కంట్రిబ్యూటర్లను మళ్లీ అడగాల్సిన పని పడలేదు. 2024లో ఇలాగే మారిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్‌కు, కోడ్‌ను దాదాపు ఎలాగైనా వాడుకోనిచ్చే పాత బీఎస్‌డీ లైసెన్స్‌లోని ఉదారతే దారి చూపింది. అయితే అప్పటికే బయటికొచ్చిన కోడ్‌ను ఎవరూ వెనక్కి లాక్కోలేరు. దాని మీదే, ఈ మూడింటికీ వరసగా ప్రత్యామ్నాయాలుగా, ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ పుట్టాయి. చట్టప్రకారం అనుమతి ఉన్నా, ఇలా లైసెన్స్ మార్చినందుకు జనానికి వచ్చిన కోపానికి కారణం ఉందనే అంటాను.

మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 30ఏ సెక్షన్ లైసెన్స్‌లకూ ఈ నిబంధనలనే, తగిన మార్పులతో, వర్తింపజేస్తుంది. కాబట్టి ఆ పేజీలో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు కనబడితే, పై పరిమితులేవీ మీకు అక్కరకు రావన్నమాట. ఇక చదువైపోయి ఉద్యోగంలో చేరాక డ్యూటీలో భాగంగా రాసే కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ కింద మొదటి హక్కుదారు కంపెనీయే. అప్పుడు ఆ బటన్ నొక్కే ముందు మేనేజర్‌ను అడగాలి.