జాంబీ కథల్లో జనం ఎందుకు చస్తారు: కొన్ని అపోహలు - వాస్తవాలు

హారర్ స్క్రిప్టుల సిట్టింగ్స్‌లో నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి. ఉదాహరణలన్నీ జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ నుంచే. చచ్చిన శవాలు లేచొచ్చి మనుషుల మీద పడుతుంటే, అమెరికాలోని పెన్సిల్వేనియా పల్లెలో ఒకే ఇంట్లో చిక్కుకుపోయిన ఏడుగురి కథ అది. ఇన్నేళ్ల పాత సినిమా, ముగింపు చెప్పేసినా పాపం లేదు.

అపోహ: పాత్రలు తెలివితక్కువ పనులు చేసి చస్తాయి.

వాస్తవం: ఎక్కువసార్లు తెలివైన పనే చంపుతుంది. సహాయ కేంద్రాలకు వెళ్లమని టీవీ చెబుతుంది. వెళ్లడానికి ట్రక్కుంది, పెట్రోలు లేదు. పంపు ఆ ఇంటి ఆవరణలోనే ఉంది. శవాలు నిప్పుకి జంకుతాయని హీరో బెన్ అప్పటికే కనిపెట్టాడు, అందుకే కాగడాతో బయల్దేరతారు. ఏ అడుగుకి ఆ అడుగు సబబే. పంపు తాళాన్ని తుపాకీతో పేల్చాక చిమ్మిన పెట్రోలు అంటుకుంటుంది. ఆ ఇంట్లోని యువ జంట టామ్, జూడీ ట్రక్కులోనే కాలిపోతారు. శవాలను ఆపే నిప్పు తమ జోలికి రాదన్నట్టు పెట్రోలు పంపు దగ్గరికి తీసుకెళ్లారు. ఈ సీన్‌లో నాకు ఎవరి మీదా కోపం రాదు. స్క్రిప్టులో చావు ఇలా పడాలి.

అపోహ: శవం కరిచిన వెంటనే మనిషి జాంబీగా మారిపోతేనే టెన్షన్.

వాస్తవం: ఆలస్యంలోనే అసలు టెన్షన్. ఆ ఇంట్లోనే చిక్కుకున్న హ్యారీ కూతురు కరెన్‌ను శవం కరిచింది. తల్లిదండ్రులు ఆమెను జబ్బుపడ్డ పిల్లలా చూసుకుంటారు. చనిపోయినవాళ్లను వెంటనే కాల్చేయమని టీవీ మొత్తుకుంటున్నా, ఆ మాట తమ బిడ్డకు వర్తిస్తుందని వాళ్లకు తట్టదు. నేలమాళిగే క్షేమమని అందరితో గొడవపడే హ్యారీ, ముప్పును తనే అందులో పడుకోబెట్టాడు.

అపోహ: వాదనలో హీరోదే గెలుపు.

వాస్తవం: నేలమాళిగ చావుబోను అన్నది బెన్. చివరికి అందులోకే దూరి ప్రాణం కాపాడుకున్నదీ బెన్. రొమేరో దీన్ని ఎక్కడా డైలాగులో చెప్పించడు. మనవాళ్లయితే చెప్పించేవారు!

అపోహ: సాయం వచ్చిందంటే గండం గడిచినట్టే.

వాస్తవం: పొద్దున వచ్చిన సాయుధ బృందం కిటికీలో కదులుతున్న బెన్‌ను శవమనుకుని కాల్చేస్తుంది. అప్పటిదాకా వాళ్లకు ఎదురైనవన్నీ శవాలే మరి. ‘అరిచి ఉంటే బతికేవాడు కదా’ అని సిట్టింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. దాక్కోవడం వల్లే తెల్లారేదాకా బతికిన మనిషి, కేకలు వేసుకుంటూ కిటికీ దగ్గరికి రాడు.