పంక్తిలో చోటు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ రెండు వరసలుగా ఎలా చీలింది

2025 డిసెంబర్ 5 రాత్రి న్యూ ఓర్లియన్స్‌లో టులేన్, నార్త్ టెక్సస్ యూనివర్సిటీల మధ్య 'అమెరికన్' అనే కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల కూటమి) ఫైనల్ జరిగింది. గెలిచినవాళ్లకి జాతీయ విజేతని తేల్చే ప్లేఆఫ్‌లో చోటు దాదాపు ఖాయం. అయితే ఆట కన్నా వింతైన విషయం మైదానం అంచున ఉంది. టులేన్ కోచ్ జాన్ సమ్రాల్ అప్పటికే ఫ్లోరిడా యూనివర్సిటీకి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. అవతలి కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి ఒప్పుకున్నాడు. సామాన్లన్నీ సర్దేసుకుని, పాత ఇంట్లో ఆఖరి పండగ చేసుకుంటున్నట్టుంది ఇద్దరి పరిస్థితి. అదే కాన్ఫరెన్స్‌లోని మెంఫిస్ కోచ్ ఆర్కన్సాకీ, సౌత్ ఫ్లోరిడా కోచ్ ఆబర్న్‌కీ ఆ రోజుల్లోనే వెళ్లిపోయారు. ఒక్క కాన్ఫరెన్స్ నుంచి ఒక్క సీజన్‌లో నలుగురు.

టులేన్ 34-21తో గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది. పదిహేను రోజుల తర్వాత ఓల్ మిస్ చేతిలో 41-10తో ఓడింది. వెంటనే పాత పాట మొదలైంది: ఈ చిన్న కాన్ఫరెన్స్ జట్లకి ప్లేఆఫ్‌లో చోటెందుకు, పెద్దవాళ్లకే ఇవ్వొచ్చుగా అని. ఆ రోజు ఆడిన రెండూ ఒకప్పుడు ఒకే ఇంటివని ఆ మాట అన్నవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి. ఇవాళ అత్యంత బలమైన రెండింటిలో ఒకటైన ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌ని 1932లో స్థాపించిన 13 యూనివర్సిటీల్లో ఓల్ మిస్ ఒకటి, టులేన్ ఇంకొకటి. 1966లో టులేన్ తనంతట తానే బయటికొచ్చేసింది. జట్టు బలహీనపడింది, చదువుల మీద పట్టింపు ఎక్కువైంది, ఒక ప్రాంతానికి కట్టుబడకుండా దేశమంతా తిరిగి ఆడొచ్చనే ఆశా ఉంది. ఆ నిర్ణయాన్ని ఇప్పుడు చూసి నవ్వుకోవడం తేలిక. అప్పట్లో కాన్ఫరెన్స్‌లో ఉన్నా లేకపోయినా టీవీ డబ్బులో పెద్ద తేడా వచ్చేది కాదు.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్లకి ఒక్క మాట. అక్కడ యూనివర్సిటీ జట్ల ఆటంటే మన ఇంటర్ కాలేజీ పోటీల్లాంటిది కాదు. లక్ష మంది పట్టే స్టేడియాలున్నాయి, కోట్ల డాలర్ల జీతాలు తీసుకునే కోచ్‌లున్నారు. పై స్థాయిలో 130కి పైగా జట్లు ఆడతాయి. వీటన్నిటికీ ఎన్‌సీఏఏ అనే సంఘం ఉంది. అయితే ఎవరు ఎవరితో ఆడాలి, టీవీ హక్కులు ఎంతకి అమ్మాలి, వచ్చింది ఎలా పంచుకోవాలి అనేవి కాన్ఫరెన్స్‌ల చేతిలో ఉంటాయి. పది నుంచి పద్దెనిమిది యూనివర్సిటీల కూటమి అనుకోండి. ఏ పంక్తిలో కూర్చున్నామన్నదాన్ని బట్టే విస్తరిలో ఏం పడుతుందో తేలిపోతుంది.

హక్కులు కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది 1984లో. అంతకుముందు 1950ల నుంచీ ఏ ఆట టీవీలో రావాలో ఎన్‌సీఏఏనే నిర్ణయించేది. ఆటలన్నీ ఇంట్లోనే చూసేస్తే స్టేడియానికి ఎవరొస్తారన్నది మొదట్లో వాళ్ల భయం. 1980ల మొదట్లో ఏ జట్టూ రెండేళ్లలో ఆరుసార్లకి మించి టీవీలో కనిపించకూడదనే నిబంధన ఉండేది. డబ్బు పంపకం ఇంకా విచిత్రం. 1981లో ఒక వారాంతంలో ఓక్లహోమా, యూఎస్‌సీల ఆట 200కి పైగా స్టేషన్లలో వచ్చింది. అదే వారాంతంలో సిటడెల్, అపలాచియన్ స్టేట్‌ల ఆట నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకీ ఒకే మొత్తం ముట్టింది.

ఓక్లహోమాకి అది కడుపు మంట. జార్జియాతో కలిసి కోర్టుకెక్కింది. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో, ఎన్‌సీఏఏ నడుపుతున్నది గుత్తాధిపత్యమే, చెల్లదు అని చెప్పేసింది. పైన చెప్పిన నాలుగు స్టేషన్ల ఉదాహరణ ఆ తీర్పులోనిదే. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టార్. కాలేజీ ఆటని మామూలు వ్యాపారంలా చూడకూడదని ఆయన రాశాడు. చట్టం ప్రకారం ఏడుగురి మాటే సరైంది కావచ్చు. కానీ తర్వాత ఏం జరగబోతోందో ఎక్కువగా పసిగట్టింది మాత్రం ఆ పాత ఆటగాడే అని నాకనిపిస్తుంది.

తీర్పు రాగానే ఎవరికీ కనకవర్షం కురవలేదు. టీవీల్లో ఆటలు ఒక్కసారిగా పెరిగేసరికి ఒక్కో ఆట ధర పడిపోయింది కూడా. అసలు మార్పుకి ఇంకో ఆరేడేళ్లు పట్టింది. 1991 నుంచి నోటర్‌డామ్ తన సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లని విడిగా ఎన్‌బీసీ టీవీ చానెల్‌కి అమ్ముకుంది. ఎస్‌ఈసీ ఆర్కన్సాని, సౌత్ కరొలైనాని చేర్చుకుని 12 అయింది, రెండుగా విడగొట్టుకుని 1992లో కాన్ఫరెన్స్ ఫైనల్ అనే కొత్త సరుకు తయారుచేసింది. ఆర్కన్సా వెళ్లిపోయిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఇక నిలవలేదు. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ వెళ్లి బిగ్ 12 అనే కొత్త కాన్ఫరెన్స్‌లో కూర్చున్నాయి. 1996 నాటికి టీసీయూ, ఎస్‌ఎంయూ, రైస్, హ్యూస్టన్ వీధిలో మిగిలాయి. ఎనభై ఏళ్ల బంధుత్వం చెరిగిపోవడానికి ఒక టీవీ ఒప్పందం సరిపోయింది.

చివరికి 1998లో ఆరు పెద్ద కాన్ఫరెన్స్‌లు బీసీఎస్ అనే ఏర్పాటు చేసుకున్నాయి. సీజన్ చివర జరిగే పెద్ద బౌల్ మ్యాచ్‌లలో ఆ ఆరింటి విజేతలకి సీటు ఖాయం, మిగతావాళ్లు గేటు దగ్గర నిలబడాలి. సరిగ్గా ఆ ఏడాదే టులేన్ ఒక్క ఆటా ఓడకుండా సీజన్ ముగించింది. అయినా పిలుపు రాలేదు. లిబర్టీ బౌల్‌లో బీవైయూని ఓడించి 12-0తో ఇంటికి వెళ్లింది. ఆ బౌల్ మ్యాచ్‌కి ముందే కోచ్ టామీ బౌడెన్ క్లెమ్సన్‌కి వెళ్లిపోయాడు. 2025లో జరిగింది అప్పుడూ జరిగిందన్నమాట.

2003లో టులేన్ పాలకమండలి అసలు పెద్ద స్థాయి ఫుట్‌బాల్ మానేద్దామా అని కూర్చుని ఆలోచించింది. ఉంచుదామనే నిర్ణయం తర్వాత ప్రెసిడెంట్ స్కాట్ కోవెన్ ఊరుకోలేదు. బయట మిగిలిన యూనివర్సిటీల అధ్యక్షులని కూడగట్టి, అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకి వెళ్లి, బీసీఎస్‌ది గుత్తాధిపత్యమని వాదించాడు. 2004లో రాజీ కుదిరింది. ఒక బౌల్ పెంచారు, చిన్నవాళ్లు లోపలికొచ్చే షరతులు సడలించారు.

తలుపు తెరుచుకుంది. దూరినవాళ్లు బ్రహ్మాండంగా ఆడారు. 2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో బోయ్సీ స్టేట్ అదనపు సమయంలో ఓక్లహోమాని 43-42తో ఓడించిన ఆట ఇప్పటికీ చెప్పుకుంటారు. 2008 సీజన్‌లో ఓటమి లేని యూటా, అలబామాని 31-17తో మట్టి కరిపించింది. 2010లో ఒహాయో స్టేట్ ప్రెసిడెంట్ గోర్డన్ గీ, మేము ప్రతి వారం బలమైన జట్లతో ఆడతాం, 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్'తో కాదని వెటకారం చేశాడు. అది ముసలివాళ్లని చూసుకునే సన్యాసినుల సంస్థ పేరు. నెలన్నర తిరక్కుండా టీసీయూ రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్‌ని 21-19తో ఓడించింది. ఆయన తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు.

మరి చిన్న కాన్ఫరెన్స్‌ల బతుకు మారిందా అంటే, లేదు. 2011లో యూటా పాక్-12 అనే పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోయింది. 2012లో టీసీయూ బిగ్ 12కి. 2017లో యూసీఎఫ్ అన్నీ గెలిచి, అలబామా, జార్జియాలు రెండింటినీ ఓడించిన ఆబర్న్‌నీ పీచ్ బౌల్‌లో ఓడించింది. జాతీయ ఫైనల్ మాత్రం ఆ అలబామా, జార్జియాల మధ్యే జరిగింది. 2021లో సిన్సినాటి, బీసీఎస్ స్థానంలో వచ్చిన నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి వచ్చిన మొదటి చిన్న కాన్ఫరెన్స్ జట్టయింది. 2023లో యూసీఎఫ్, సిన్సినాటి రెండూ బిగ్ 12లో చేరాయి. గెలిచిన ప్రతి చిన్నవాడినీ పెద్దవాళ్లు తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు, పంక్తి మాత్రం అలాగే ఉంది. చిన్న కాన్ఫరెన్స్‌లు బలహీనం అనే మాట ప్రతిసారీ మళ్లీ నిజమవడానికి ఇదే కారణం: బలం పుంజుకున్నవాళ్లని ఎప్పటికప్పుడు తీసుకెళ్తుంటే మిగిలేది ఏముంటుంది?

2014లో ఈ తేడాకి అధికార ముద్ర పడింది. అయిదు కాన్ఫరెన్స్‌లలోని 65 యూనివర్సిటీలు ఆటగాళ్ల సాయం లాంటి విషయాల్లో సొంత నిబంధనలు పెట్టుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఆ అయిదుకి 'పవర్ ఫైవ్', మిగిలిన చిన్న అయిదుకి 'గ్రూప్ ఆఫ్ ఫైవ్' అనే పేర్లు జనం నోళ్లలో స్థిరపడ్డాయి. క్రికెట్ చూసేవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. అదే 2014లో ఐసీసీలో భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా కలిసి ఆదాయం, అధికారం తమవైపు తిప్పుకున్నాయి. అక్కడ మనం పెద్ద పంక్తిలో ఉన్నాం కాబట్టి మనకి పెద్దగా నొప్పి తెలియలేదు, అంతే.

చిన్నవాళ్లకి ఈ ఏర్పాటులో ఇంకో బతుకుతెరువు ఉంది, కూలికి వెళ్లి ఆడటం. సీజన్ మొదట్లో పెద్ద జట్టు డబ్బిచ్చి చిన్న జట్టుని తన మైదానానికి పిలుచుకుంటుంది. ఓడిపోయి డబ్బు తీసుకెళ్లాలన్నది చెప్పని ఒప్పందం. 2007లో ఇంకా కింది స్థాయిలో ఉన్న అపలాచియన్ స్టేట్ (అవును, ఆ నాలుగు స్టేషన్ల జట్టే) 4 లక్షల డాలర్లు తీసుకుని మిషిగన్‌కి వెళ్లి, 34-32తో గెలిచి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో నార్తర్న్ ఇల్లినాయ్ 14 లక్షల డాలర్లకి వెళ్లి నోటర్‌డామ్‌ని 16-14తో ఓడించింది. ఆ ఓటమి తర్వాత కూడా నోటర్‌డామ్ ఆ ఏడాది జాతీయ ఫైనల్‌కి చేరింది. 

2021 తర్వాత వేగం మరీ పెరిగింది. ఆ జులైలో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్తామన్నాయి. మరుసటి ఏడాది లాస్ ఏంజెలస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌ని ఎంచుకున్నాయి. దాని మూలాలు మిడ్‌వెస్ట్‌వి, చికాగో చుట్టుపక్కలవి. వెంటనే బిగ్ టెన్ ఏడేళ్లకి 700 కోట్ల డాలర్లకి పైబడిన టీవీ ఒప్పందం రాసుకుంది. పేరులో టెన్ ఉన్నా ఇప్పుడు జట్లు 18, న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియా దాకా. 2023 ఆగస్టుకల్లా, 1915 నాటి మూలాలున్న పాక్-12లో పదిమంది వెళ్లిపోవడమో, దారి వెతుక్కోవడమో జరిగి, చివరికి వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్ రెండే మిగిలాయి. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే, తొమ్మిదేళ్లు టీవీ వాటా వద్దు, చోటిస్తే చాలు అని ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరింది. 1996లో వీధిన పడ్డ చేదు దానికి బాగా గుర్తుంది మరి.

పెద్దవాళ్లలోనూ ఇప్పుడు పెద్దలున్నారు. 2023లో 13-0తో ఏసీసీ గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ని ప్లేఆఫ్‌కి తీసుకోలేదు. ఆ నెలలోనే అది తన సొంత కాన్ఫరెన్స్ మీద దావా వేసింది. 2025లో రాజీ కుదిరి, ఎక్కువమంది చూసే జట్లకి ఎక్కువ వాటా అనే పద్ధతి వచ్చింది. 1981లో ఓక్లహోమా అడిగింది సరిగ్గా ఇదే.

2026 నుంచి ప్లేఆఫ్ టీవీ డబ్బు ఏడాదికి సుమారు 130 కోట్ల డాలర్లు. అందులో బిగ్ టెన్‌కి, ఎస్‌ఈసీకి చెరో 29 శాతం. ఏసీసీకి 17, బిగ్ 12కి దాదాపు 15. చిన్న కాన్ఫరెన్స్‌లన్నిటికీ కలిపి 9 శాతం. ఒక్కో యూనివర్సిటీ లెక్కన చూస్తే పై రెండింటిలో 2 కోట్ల డాలర్లు దాటుతుంది, కిందివాళ్లకి 18 లక్షల దగ్గర ఆగుతుంది. ప్లేఆఫ్ రూపం మార్చే విషయంలో తుది మాట కూడా ఆ రెండింటిదే.

ఇక ఆటగాళ్ల సంగతి. పేరు, ఫొటో అమ్ముకునే హక్కు 2021 జులైలో వచ్చింది. అదే ఏడాది మొదటిసారి జట్టు మారితే ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాలనే నిబంధనా పోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు పంచొచ్చు; మొదటి ఏడాది (2025-26) పరిమితి ఒక్కో యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్లు. ఇన్నాళ్లూ ఉత్త స్కాలర్‌షిప్‌తో సరిపెట్టిన కుర్రాళ్లకి ఇది న్యాయమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మొత్తం భరించగలిగేది ఎవరో చెప్పక్కర్లేదు. ఒకప్పుడు పంక్తి మారాలంటే యూనివర్సిటీ మొత్తం మారాలి. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే కీలక ఆటగాడు) ఒక్కడూ లేచి వెళ్లొచ్చు. టులేన్ క్వార్టర్‌బ్యాక్ డేరియన్ మెన్సా 2024 సీజన్ తర్వాత డ్యూక్‌కి వెళ్లాడు, రెండేళ్లకి 80 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి.

మన తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో ఎంఎస్‌కి వెళ్లే యూనివర్సిటీల్లో నార్త్ టెక్సస్ ఒకటి. డాలస్‌కి ఉత్తరాన డెంటన్‌లో ఉంటుంది. 2008లో అక్కడి విద్యార్థులు ఓటు వేసి, కొత్త స్టేడియం కోసం క్రెడిట్ అవర్‌కి 7 డాలర్ల చొప్పున ఆటల ఫీజు తమ మీద తామే వేసుకున్నారు. 2011లో స్టేడియం తెరుచుకుంది. 2025లో ఆ జట్టుకి ఆడిన డ్రూ మెస్టమేకర్, హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ప్రధాన జట్టులో చోటే దొరకని కుర్రాడు. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరి, ఆ సీజన్‌లో దేశంలో అందరికన్నా ఎక్కువ పాసింగ్ యార్డులు (బంతి విసిరి జట్టుని ముందుకి నడిపిన దూరం) సాధించాడు. జట్టు 12 ఆటలు గెలిచింది. జనవరిలో అతనూ కోచ్ మోరిస్ వెనకే ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లిపోయాడు.