ముందుమాట దాటేయకండి

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

ఆధునిక ప్రపంచ సాహిత్యం పేపరు తీసుకున్నామని, సిలబస్ చూస్తే కాళ్లూ చేతులూ ఆడటం లేదని రాశారు. రష్యా, చైనా, నైజీరియా, కొలంబియా అన్నీ ఒకే సెమిస్టర్‌లో ఉంటే బెదురు సహజమే. ఏ గైడ్ కొనాలని అడిగారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక్క కథ చూద్దాం.

1918లో లూషున్ చైనాలో ‘పిచ్చివాడి డైరీ’ రాశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా మనుషుల్ని తింటారని, తననూ తినబోతున్నారని ఒకడి నమ్మకం. చరిత్ర పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ నీతి, ధర్మం అన్న మాటలే. నిద్ర మానుకుని వెతికితే, ఆ వరసల సందుల్లో ‘మనుషుల్ని తిను’ అన్నదొక్కటే కనిపిస్తుంది.

ఈ డైరీకి ముందు చిన్న ముందుమాట ఉంది. రోగికి నయమైందని, ఉద్యోగం కోసం వెళ్లిపోయాడని అందులో చెబుతారు. మూలంలో ఆ ముందుమాట పాత గ్రంథాల చైనీస్‌లో ఉంది. డైరీ మాత్రం జనం మాట్లాడుకునే చైనీస్‌లో ఉంది. గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన మనకు ఇది ఇట్టే అందుతుంది. నిజం పలికింది పిచ్చివాడి భాష. ‘నయమైంది’ అని తీర్పు చెప్పింది పెద్దమనుషుల భాష. మరి అతనికి నయమైందా, లేక అతనూ వాళ్లలో కలిసిపోయాడా?

అనువాదంలో ఆ రెండు భాషలూ ఒకే తీరుగా వినిపిస్తే ఈ ప్రశ్నే పుట్టదు. మొదటిసారి చదివినప్పుడు నాకూ పుట్టలేదు. ముందుమాటను గబగబా దాటేసి అసలు కథలోకి వెళ్లిపోయాను. చాలాకాలానికి వేరే ప్రతిలో అనువాదకుడి మాట చదివాక గాని, ఏం పోగొట్టుకున్నానో తెలియలేదు. అందుకే చెబుతున్నాను, అనువాదకుడి పేరు, ముందుమాట, అడుగున ఉండే వివరణలు, ఏవీ వదలకండి. మనం ప్రపంచ సాహిత్యం అని చదివేదాంట్లో చాలా భాగం అనువాదకుల చేతుల మీదుగా వచ్చిందే. 1827లో జర్మన్ కవి గేటే ప్రపంచ సాహిత్య యుగం వస్తోందన్నప్పుడు కూడా ఆయన అప్పుడే ఒక చైనా నవలను అనువాదంలో చదివి ఉన్నాడు.

ఇంకో ముచ్చట. లూషున్ తన కథ పేరు తీసుకున్నది గొగోల్ నుంచి. గొగోల్ రష్యన్ కథ 1835 నాటిది. అందులో చిన్న గుమస్తా తానే స్పెయిన్ రాజునని అనుకుంటాడు, చివరికొచ్చేసరికి ‘అమ్మా, నీ బిడ్డను కాపాడు’ అని మొత్తుకుంటాడు. లూషున్ కథలో ఆఖరి మొర ‘పిల్లల్ని కాపాడండి’ అని. ఆ రెండు కేకలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు తన కోసం ఏడ్చాడు, ఇంకొకడు ఇంకా పాడుకాని తరం కోసం ఏడ్చాడు. ఎనభై ఏళ్ల దూరంలో, వేరే దేశంలో, ఒక కథ ఇంకో కథకు ఇలా బదులిచ్చింది.

ఇలాంటి బదుళ్లు మీ సిలబస్‌లోనే దొరుకుతాయి. 1942లో వచ్చిన ఫ్రెంచి రచయిత ఆల్బెర్ కామూ నవల ‘లెత్రాంజే’ (పరాయివాడు)లో సముద్రపు ఒడ్డున హత్యకు గురైన అరబ్బుకు పేరే లేదు. 2013లో అల్జీరియా రచయిత కమెల్ దావూద్ ఆ చనిపోయినవాడి తమ్ముడి చేత కథ చెప్పించి, అతనికి మూసా అని పేరు పెట్టాడు. వీలైతే రెండూ ఒకే నెలలో చదవండి.

ఇక గైడ్. కథ మీరు రెండుసార్లు చదివి, తోచింది నోట్సులో రాసుకున్నాకే దాన్ని తెరవండి. ముందే తెరిస్తే మోడర్నిజం, అస్తిత్వవాదం లాంటి పేర్లు మాత్రం నోటికొస్తాయి, ఆ పిచ్చివాడి గొంతు చెవిన పడదు.

ఈ వారాంతంలో లూషున్ కథను రెండు అనువాదాల్లో సంపాదించండి. ముందుమాట వరకే చదివి, రెండింటికీ ఎక్కడ తేడా కనిపించిందో నాకు రాయండి. మీ జాబు కోసం చూస్తుంటాను.

మీ పెదనాన్న