అమెరికన్ మ్యూజికల్స్: పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది (అపోహలు - వాస్తవాలు)

నేను సౌండ్ ఎడిటర్ని. ఎక్కువగా పాటల సింక్ పని చేస్తా. స్పాట్‌లో ట్రాక్ వేసి తీసిన షాట్లు వస్తాయి, హీరోయిన్ పెదాలు రెండు ఫ్రేములు వెనకబడితే ముందుకి లాగడం, డాన్సర్ల కాలి చప్పుడు లేకపోతే పెట్టడం, ఇలాంటివి. ఎవరూ గమనించకపోతేనే బాగా చేసినట్టు లెక్క. ఈ పనిలో ఉన్నోడు పాత హాలీవుడ్ మ్యూజికల్స్, అంటే పాటలు డాన్సులతో కథ నడిపే సినిమాలు, చూస్తే కథ కంటే ముందు అతుకులు కనిపిస్తాయి, నాకు వాటి పిచ్చి పట్టింది కూడా అందుకే. మా కుర్రాళ్ళు టీ టైంలో అనే మాటలు, బయట వినేవి కొన్ని పట్టుకుని రాస్తున్నా.

అపోహ: సినిమాల్లో పాటలు పెట్టేది మనమే, హాలీవుడ్‌కి ఆ అలవాటు లేదు.

2023లో నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు ఒకడు సీరియస్‌గానే అడిగాడు, "అన్నా, వాళ్ళ సినిమాల్లో పాటలే ఉండవు కదా, మరి పాటకి అవార్డు ఎందుకు పెట్టారు?" అని. ఒరేయ్, ఆ అవార్డు 1934 సినిమాల నుంచీ ఉంది, మొదటిసారి గెలిచిందే డాన్సు జంట ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ కలిసి ఆడిన ద గే డివోర్సీలో పాట. సౌండ్ వచ్చిన కొత్తలో వాళ్ళకి పాటల మోజు ఎంతంటే 1930 ఒక్క ఏడాదిలోనే 100కి పైగా మ్యూజికల్స్ వదిలారు, జనానికి మొహం మొత్తేసి మరుసటి ఏడాదికి ఆ లెక్క 14కి పడిపోయింది.

అపోహ: 1927లో వచ్చిన జాజ్ సింగర్ మొదటి పూర్తి టాకీ.

కాదు. చాలా భాగం మూకీనే, మాటలు కార్డుల మీద వస్తాయి, పాటలకి మాత్రం గొంతు వినిపిస్తుంది, మధ్యలో హీరో అల్ జోల్సన్ నాలుగు మాటలు మాట్లాడతాడు. మొత్తం మాటలున్న సినిమా 1928లో లైట్స్ ఆఫ్ న్యూయార్క్. ఇంకోటి, తెల్లవాడైన జోల్సన్ ఆ సినిమాలో మొహానికి నల్లరంగు పూసుకుని పాడతాడు. ఆ సంగతికి కిందకి వస్తా.

అపోహ: ప్లేబ్యాక్ మన సరుకు, వాళ్ళు మాత్రం నిజంగా పాడుకుంటూ నటించేవాళ్ళు.

దీని మీద నేను గంట మాట్లాడగలను, తగ్గించి చెప్తా. మొదట్లో ఆర్కెస్ట్రాని సెట్‌లోనే కూర్చోబెట్టి పాటని షాట్‌తో పాటే రికార్డ్ చేసేవాళ్ళు, కెమెరా చప్పుడు మైకులో పడకుండా దాన్ని గదిలాంటి పెట్టెలో పెట్టేవాళ్ళు. 1929లో వచ్చిన బ్రాడ్వే మెలొడీని ఎంజీఎం స్టూడియో వాళ్ళు తీస్తుంటే ఒక పాట చిత్రీకరణ నచ్చలేదు, మళ్ళీ తీయాలి, మళ్ళీ అంత ఆర్కెస్ట్రాకీ డబ్బులివ్వాలి. అప్పుడు సౌండ్ చూసుకునే డగ్లస్ షియరర్, సౌండ్ బానే ఉంది కదా, అదే స్పీకర్లో వేసి బొమ్మ ఒక్కటీ మళ్ళీ తీయండి అన్నాడు. అంతే, ఖర్చు తగ్గింది, కెమెరాకి కాళ్ళొచ్చాయి. ఆ సినిమాకే బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కూడా వచ్చింది.

తేడా ఎక్కడుందంటే మనం పాడినవాళ్ళ పేరు టైటిల్స్‌లో వేశాం, ఘంటసాల గారు, సుశీల గారు అంటే హీరోలతో సమానం. వాళ్ళు దాచారు. మార్నీ నిక్సన్ అని ఒకావిడ, ద కింగ్ అండ్ ఐలో డెబొరా కెర్‌కి, వెస్ట్ సైడ్ స్టోరీలో నటాలీ వుడ్‌కి, మై ఫెయిర్ లేడీలో ఆడ్రీ హెప్‌బర్న్‌కి పాడింది, తెర మీద పేరు లేదు. బయటికి చెప్తే ఇక పని దొరకదని ద కింగ్ అండ్ ఐ అప్పుడే బెదిరించారని తర్వాత ఆవిడే చెప్పింది. వెస్ట్ సైడ్ స్టోరీ సంగతి తల్చుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది: నటాలీ వుడ్ పాటలన్నీ తనే పాడి, ఆ ట్రాకుకే పెదాలు ఆడించి షూటింగ్ చేసింది, తన గొంతే ఉంటుందనుకుంది, తీరా అయ్యాక గొంతు మార్చేశారు. అంటే నిక్సన్ పాడింది ఇంకొకరు పాడినదానికి ఆడిన పెదాలకి, ఆ ఊపిరి ఎక్కడ తీసుకుంటే ఈవిడా అక్కడే తీసుకోవాలి. అది ప్లేబ్యాక్ కాదు, తిరగేసిన ప్లేబ్యాక్. ఆ సినిమా పాటలకి బాణీలు కట్టిన లియొనార్డ్ బెర్న్‌స్టైన్ తన రాయల్టీలో పావు శాతం ఆవిడకి ఇచ్చాడు, కనీసం ఒకడికి మనసొచ్చింది.

కాళ్ళ సంగతీ అంతే. ట్యాప్ అంటే బూటు అడుగున లోహపు బిళ్ళలు పెట్టి నేల మీద తాళం వేసే డాన్సు, ఆ చప్పుళ్ళు చాలావరకు తర్వాత వేసినవే. జింజర్ రోజర్స్ ట్యాప్స్ వేసింది ఆస్టేర్ డాన్సులకి తోడుగా పనిచేసిన హెర్మీస్ పాన్. అంటే తెర మీద ఆవిడ కాళ్ళు, వినిపించేవి ఒక మగాడి కాళ్ళు.

అపోహ: సింగిన్ ఇన్ ద రెయిన్‌లో వాన కనపడాలని నీళ్ళలో పాలు కలిపారు.

ఏ కెమెరామ్యాన్‌ని అడిగినా నవ్వుతాడు. వానకి వెనక నుంచి లైట్ కొడితే చినుకు దానంతటదే మెరుస్తుంది, మన వాన పాటలకీ అదే. ఆ వానలో ఆడిన హీరో జీన్ కెల్లీకి అప్పుడు 103 డిగ్రీల జ్వరం ఉందన్నది మాత్రం నిజం. కానీ ఆ సినిమాలో పాల కన్నా రుచికరమైన విషయం వేరే ఉంది. కథ ఏంటంటే కీచు గొంతున్న స్టార్ హీరోయిన్‌కి ఒక పేరులేని పిల్ల చాటుగా డబ్బింగ్ చెప్తుంది, చివర్లో తెర లాగి అసలు గొంతు ఎవరిదో జనానికి చూపిస్తారు, అంతా చప్పట్లు. ఆ పిల్ల వేషం వేసిన డెబీ రెనాల్డ్స్ డబ్బింగ్ సీన్లో పాడే పాట, నిజానికి పాడింది బెటీ నోయిస్, పేరు వేయలేదు. ఇక ఆ పిల్ల స్టార్‌కి చెప్పినట్టు చూపించే డైలాగులు చెప్పింది, ఆ కీచు గొంతు స్టార్‌గా చేసిన జీన్ హేగన్ స్వయంగా, తన అసలు గొంతుతో. డబ్బింగ్ మోసాన్ని బయటపెట్టే సినిమాలో ఇంత డబ్బింగ్.

అపోహ: కష్టాలు మర్చిపోవడానికి తీసిన తళుకుబెళుకులే, లోపల సరుకు లేదు.

గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933 ఆఖరి పాట చూసి ఈ మాట అనండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడొచ్చిన సైనికులు మాంద్యంలో అన్నం కోసం లైన్లో నించుంటారు, అప్పటికి ఏడాది ముందే 1932లో అలాంటి మాజీ సైనికులు తమకి రావాల్సిన బోనస్ ఇవ్వమని వాషింగ్టన్‌లో గుడారాలేసుకుంటే ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి తరిమేసింది. ఆ పాట తీసిన బస్బీ బర్క్‌లీ కూడా ఆర్మీలో కవాతులు చేయించిన మనిషే, అందుకే పైనుంచి తీసిన ఆయన టాప్ షాట్లలో అమ్మాయిలు పువ్వుల్లా విచ్చుకున్నా లెక్క మాత్రం మిలటరీ లెక్క. తళుకు ఉంది, కాదనను.

అపోహ: ట్యాప్ అంటే ఆస్టేర్, కెల్లీ.

ఆస్టేర్ మీద నాకు గౌరవమే, తల నుంచి కాలి దాకా ఫ్రేములో ఉండాల్సిందే, డాన్సు మధ్య అనవసరంగా కట్ చేయొద్దని పట్టుబట్టాడు, ఎడిటర్‌గా దండం పెడతా. కానీ ట్యాప్ పుట్టింది ఆఫ్రికన్ అమెరికన్ల అడుగులు, ఐరిష్ వాళ్ళ జిగ్ అడుగులు కలిసి. 1943లో స్టార్మీ వెదర్ అనే సినిమాలో నల్లజాతి అన్నదమ్ములు నికొలస్ బ్రదర్స్ మెట్ల మీద ఒకరి మీద నుంచి ఒకరు దూకుతూ కాళ్ళు చాపి పడి చేసిన డాన్సు చూడండి, మాట రాదు. అంత పనితనం ఉన్నవాళ్ళకి తెల్లవాళ్ళ సినిమాల్లో ఒక పాట ఇచ్చేవాళ్ళు, కథలో వేషం ఇచ్చేవాళ్ళు కాదు. నల్లజాతి గాయని లీనా హోర్న్ పాటలు కథకి అంటకుండా విడిగా తీసేవాళ్ళు, ఎందుకంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో ఆ ముక్క కత్తిరించినా సినిమా తెగకూడదు కదా. జోల్సన్ నల్లరంగు పూసుకుంటే కథానాయకుడు, నిజంగా నల్లావిడ పాడితే కత్తెర. నేను రోజూ కట్ చేస్తా కానీ ఇలాంటి కట్ కోసం ప్లాన్ చేసి తీయడం అనే ఆలోచనకే నాకు కడుపులో దేవుతుంది.

అపోహ: 60ల తర్వాత మ్యూజికల్ చచ్చిపోయింది.

60లలో నాలుగు మ్యూజికల్స్‌కి బెస్ట్ పిక్చర్ వచ్చింది, సౌండ్ ఆఫ్ మ్యూజిక్ డబ్బులు చూసి స్టూడియోలు ఎగబడి పెద్దపెద్దవి తీసి డాక్టర్ డూలిటిల్, హలో డాలీలతో చేతులు కాల్చుకున్నాయి. అయినా 1972లో వచ్చిన క్యాబరేకి 8 ఆస్కార్లు, తర్వాత గ్రీజ్, 1989 నుంచి డిస్నీ బొమ్మల సినిమాలు. 2012లో లె మిజరాబ్లే తీసినోళ్ళు ప్లేబ్యాక్ పక్కన పెట్టి సెట్‌లోనే పాడించారు, నటుల చెవిలో పియానో వినిపించేది, వాళ్ళు ఎక్కడ ఆగితే పియానో అక్కడ ఆగేది, ఆర్కెస్ట్రా తర్వాత కలిపారు. నటులకి హాయి. ఎడిటర్ సంగతి ఎవరూ అడగరు గానీ, ప్రతి టేకూ ఒక్కో టెంపోలో ఉంటే ఆ రెండింటి మధ్య కట్ వేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.