ట్రాక్టర్ ధర మీద కోపం: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, స్పానర్ పట్టుకొని చూసిన వాస్తవాలు

మిర్యాలగూడ పక్కన, సాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్లకు దగ్గర్లో నాది చిన్న ట్రాక్టర్ రిపేరు షెడ్డు. ఈ పనిలో ఇరవై రెండేళ్లు గడిచాయి. షెడ్డు ముందు ఒక పాత వెనక టైరు పడేసి ఉంటుంది. దాని మీద కూర్చొని టీ తాగే రైతు ఎవరైనా సరే, మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది: "ఇంజన్ రేట్లు ఇట్ల పెంచుకుంట పోతే మేం ఎట్ల బతకాలె?"

మా వైపు ట్రాక్టర్‌నే ఇంజన్ అంటారు. కోపంలో తప్పు లేదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఎకరం అమ్మితే కొత్త ఇంజన్ వచ్చి చేతిలో ఇంకా డబ్బు మిగులుతుందా అని లెక్కలేసేవాళ్లు. ఇప్పుడు రోటవేటర్ (వెనక తగిలించి మట్టిని తిప్పి గుల్ల చేసే యంత్రం), ట్రాలీ కలిపితే పది లక్షల మాట. కాకపోతే షోరూం ధర మీద గంటసేపు తిట్టే మనిషే, లోన్ కాగితం చదవకుండా సంతకం పెడతాడు. అందుకే ఇది రాస్తున్నా.

"జీఎస్టీ తగ్గింది. అది చిన్న బండ్లకే, 1800 సీసీ దాటితే లేదు"

ఈ మాట వాట్సాప్‌లో ఎవరు మొదలుపెట్టారో గానీ ఊరూరా తిరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 1800 సీసీ అనే మాట సెమీ ట్రైలర్లు లాగే రోడ్డు ట్రాక్టర్ల గురించి. పొలంలో దున్నే ట్రాక్టర్‌కు ఆ అడ్డు లేదు. మీ 45 హెచ్‌పీ బండి ఇంజన్ 2500 సీసీ పైన ఉన్నా 5 శాతమే. పన్నుతో కలిపి 8 లక్షలున్న బండి, కంపెనీ అసలు ధర పెంచకపోతే, లెక్క ప్రకారం ఏడున్నర లక్షలకు రావాలి. 45 హెచ్‌పీకి 45 వేలు, 35 హెచ్‌పీకి 41 వేలు తగ్గుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అప్పట్లోనే చెప్పారు. కొటేషన్ తీసుకునేటప్పుడు పన్ను ఎంత వేశారో ఆ గీత మీద వేలు పెట్టి అడగండి.

ట్రాక్టర్ టైర్లు, ట్రాక్టర్‌కే పనికొచ్చే చాలా భాగాలు కూడా 18 నుంచి 5కు వచ్చాయి. ఇంజిన్ ఆయిల్ మాత్రం 18లోనే ఉంది, బ్యాటరీ 28 నుంచి 18కి వచ్చి ఆగింది.

మరి కిరాయి ఎందుకు తగ్గలేదు? గంట కిరాయిలో పెద్ద ముక్క డీజిల్ తింటుంది. డీజిల్ జీఎస్టీలో లేదు. 2014 అక్టోబరులో దాని ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు, ఇప్పుడు మన దగ్గర లీటరు 95 దాటింది. కిరాయికి నడిపేవాడు నిన్న పాత పన్నుతో కొన్న బండి ఈఎంఐ కూడా కట్టాలి. వాడిని తిట్టి లాభం లేదు.

"కంపెనీలు ఊరికే రేట్లు పెంచుతున్నాయి"

సగం నిజం. ఏటా ఒకటి రెండుసార్లు ఏదో కారణం చెప్పి పెంచడం నేనూ చూస్తున్నా. బానెట్ మీద కొత్త స్టిక్కర్ వేసి అదే బండికి కొత్త పేరు పెట్టడమూ చూశా. మరో సగం పొగ నిబంధనలది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే నిబంధన, కొన్నిసార్లు వాయిదా పడి, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో పాత పంపు, పాత నాజిళ్లు పోయి కామన్ రైల్ (సిలిండర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ కొట్టే ఏర్పాటు), సెన్సర్లు, కంప్యూటర్, పొగ గొట్టంలో శుద్ధి చేసే డబ్బా వచ్చాయి. ధర పెరిగిందంటే అందులో ఇవన్నీ ఉన్నాయి.

ఇక్కడే ఒక తమాషా చూడండి. షోరూంలో 49 హెచ్‌పీ, 49.5 హెచ్‌పీ బండ్లు ఇన్ని ఎందుకుంటాయో ఎప్పుడైనా అడిగారా? 50 గీత దాటకుండా ఆపితే పాత ఇంజనే నడుస్తుంది, ధర అదుపులో ఉంటుంది. నా మాట అడిగితే మన వరి పొలానికి ఆ గీత కిందే ఉండడం మంచిది. దాటితే రిపేరుకు నా స్పానర్ చాలదు, లాప్‌టాప్ కావాలి, అది కంపెనీ వాళ్ల దగ్గరే ఉంటుంది. అమెరికాలో రైతులు ఇదే గొడవ మీద ఏళ్ల తరబడి పోరాడితే, కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను రైతే బాగుచేసుకునే హక్కు కోసం చట్టం చేసింది. ఆ టెన్షన్ మన దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

"హెచ్‌పీ ఎంత ఎక్కువుంటే అంత మంచిది"

కాదు. బానెట్ మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ. రోటవేటర్ తిప్పేది వెనకున్న పీటీవో, అంటే తగిలించిన యంత్రానికి ఇంజన్ బలాన్ని అందించే తిరిగే కడ్డీ. దానికి చేరేసరికి పది పదిహేను శాతం తగ్గుతుంది. రోటవేటర్‌కు తగ్గట్టు పీటీవో హెచ్‌పీ చూసి బండి కొనాలి. ఐదు అడుగుల రోటవేటర్‌కు 55 హెచ్‌పీ పెట్టడమంటే కోడిపిల్లను కొయ్యడానికి గొడ్డలి తెచ్చినట్టే. పైగా బరువు బండి దమ్ములో, అంటే నాటుకు ముందు నీళ్లు పెట్టి బురద దున్నేటప్పుడు, లోతుకు దిగబడుతుంది.

"సబ్సిడీలో సగం ధరకే వస్తుంది"

2014-15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో 40 నుంచి 50 శాతం సబ్సిడీ అని ఉంటుంది. కానీ ప్రతి యంత్రానికీ ఒక గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. శాతం ఎక్కువొచ్చినా ఆ పరిమితి దగ్గరే ఆగుతుంది. మీరు కొనే మోడల్ ఖరీదైనదైతే సగం అన్న మాట కాగితం మీదే. ఇంకొకటి, సబ్సిడీ జాబితాలో ఉన్న యంత్రం బయట నగదుకు ఎంతకు వస్తుందో రెండు మూడు షాపుల్లో అడిగాకే దరఖాస్తు పెట్టండి. తేడా చూసి నవ్వాలో ఏడవాలో తెలియక వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

"9 శాతం వడ్డీయే కదా, ఏమవుతుంది"

నేను కూడా దెబ్బతిన్న చోటు ఇది. పదేళ్ల కింద నేనూ కిరాయికి నడుపుదామని ఒక బండి తీశా. ఫైనాన్స్ ఏజెంటు చిరునవ్వుతో 9 అన్నాడు. అది ఫ్లాట్ వడ్డీ అని, అంటే అసలు తీరుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారని, రెండో కిస్తీ నాడు గానీ అర్థం కాలేదు.

5 లక్షల అప్పు, ఐదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ అనుకోండి. ఫ్లాట్ 9 శాతమైతే వడ్డీ 2 లక్షల 25 వేలు, కిస్తీ 72,500. తీరిన అసలు మీద వడ్డీ వేయని పద్ధతిలో, అంటే రెడ్యూసింగ్‌లో, అదే 9 శాతానికి కిస్తీ 63,200 దగ్గర, మొత్తం వడ్డీ లక్షా 32 వేలు. 93 వేల తేడా! జీఎస్టీలో మిగిలిన 45 వేలకు రెండింతలు ఒక్క సంతకంతో పోయాయి. ఫ్లాట్ 9 అంటే అసలు లెక్కలో దాదాపు 15. ఏజెంటును అడగాల్సింది వడ్డీ శాతం గురించి కాదు. "ఐదేళ్లలో నా చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది? ఇన్సూరెన్స్, ఫైలు చార్జీ కలిపి కాగితం మీద రాయి" అనండి. రాయడానికి వెనకాడితే టీ తాగి వచ్చేయండి.

"కిరాయికి తిప్పితే బండే తన కిస్తీ కట్టుకుంటుంది"

మా దగ్గర రైతులను ముంచిన మాటల్లో ఇదే మొదటిది. నెమ్మదిగా చూద్దాం.

ఇంజన్, రోటవేటర్, కల్టివేటర్, దమ్ము చక్రాలు, మిగతా సామాను అన్నీ కలిపి 10 లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత 3 లక్షలకు అమ్ముడుపోతుంది. అంటే ఏడాదికి 70 వేలు అరుగుదల. సగటున వడ్డీ 65 వేలు. ఇన్సూరెన్స్, చిల్లర ఖర్చులు 15 వేలు. బండి షెడ్డులో కదలకుండా ఉన్నా ఏడాదికి లక్షన్నర పోతుంది. ఇక నడిస్తే: రోటవేటర్ మీద గంటకు ఐదు లీటర్లు, 480 రూపాయలు. డ్రైవర్‌కు 100. ఆయిల్, టైర్లు, రిపేరుకు ఇంకో 100. మొత్తం 680.

కిరాయి గంటకు 1,200 వేద్దాం. ఏడాదికి 1000 గంటలు నడిస్తే లక్షన్నరలో గంట వాటా 150, ఖర్చు 830, గంటకు 370 మిగులు, ఏడాదికి 3 లక్షల 70 వేలు. ఏజెంటు మీకు చూపించేది ఈ లెక్కే. 300 గంటలే నడిస్తే? గంట వాటా 500 అవుతుంది, ఖర్చు 1,180. ఏడాదంతా చేసి మిగిలేది 6 వేలు. అందులోంచి ఊళ్లో రాని బాకీలు తీసేయండి.

ఏడాదికి 1000 గంటలు ఎవరికి దొరుకుతాయి? వానాకాలం దమ్ము ఇరవై, ఇరవై ఐదు రోజులు, యాసంగిది మరో అంత. రోజుకు ఎనిమిది గంటలు వేసుకున్నా 350 దగ్గర ఆగుతుంది, అదీ పని అంతా మీకే దొరికితే. నాకు తెలిసిన ఒక ఊళ్లో గడపలు రెండు వందలు, ట్రాక్టర్లు ముప్పై దాటాయి. 2015-16 వ్యవసాయ లెక్కల్లో తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అంతకన్నా కొంచెం తక్కువ, 0.94. ఇన్ని ముక్కల మీద ఇన్ని బండ్లు తిరిగితే, ఎవరి బండి గంటలు వాళ్ల పక్కింటి బండే తినేస్తుంది. ఆ తర్వాత ఒకరి మీద ఒకరు పోటీపడి కిరాయి తగ్గిస్తారు. ఇసుక, మట్టి తోలకాలు లేకపోతే ఇక్కడ చాలా కిస్తీలు కట్టుబడి కావన్నది అందరికీ తెలిసిన రహస్యం.

"బండి బాగానే నడుస్తుంది, ఆయిల్ ఇప్పుడెందుకు"

నా పొట్ట నిండేది ఈ అపోహ మీదే గనక నేను మాట్లాడకూడదు. అయినా చెప్తా. దమ్ము సీజన్ అయిపోగానే ముందు ఇరుసు, హబ్బు, గేర్ ఆయిల్ విప్పి చూడండి. పాల టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు దిగాయని అర్థం. అప్పుడు సీలు, ఆయిల్ మారిస్తే కొన్ని వేలతో పోతుంది. యాసంగి దాకా అట్లాగే తొక్కితే బేరింగులు, గేర్లు తుప్పుపట్టి పదింతలవుతుంది. ఎయిర్ క్లీనర్ గిన్నెలో బురద పేరుకున్నా పట్టించుకోని బండికి రెండేళ్లలో బోరు కిట్టు (పిస్టన్, రింగులు, లైనర్లు) వేసిన సందర్భాలున్నాయి. నాలుగు వందలు తక్కువని నకిలీ ఫిల్టరు వేసుకొచ్చేవాళ్లను ఇప్పుడు ఏమీ అనడం మానేశా.

"సెకండ్ హ్యాండ్‌లో మీటరు చూసి కొనాలి"

మీటరు ఎవరికీ చుట్టం కాదు. కేబుల్ తీసేస్తే బండి నడిచిన గంటల లెక్క ఆగిపోతుంది. నేను చూసేవి వేరు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్ట్ చేస్తా. ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానమే. ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెడతా, పొగ గుప్పుగుప్పుమని కొడితే పిస్టన్ రింగులు పోయినట్టు. వెనక లింకు రాడ్ల బొక్కలు కోడిగుడ్డులా సాగాయా, పీటీవో పళ్లు అరిగాయా, ముందు చక్రం పట్టి ఊపితే అది మలుపు తిరిగే కింగ్ పిన్ ఆడుతుందా చూస్తా. టైరు మీద వారం, సంవత్సరం కలిపి నాలుగంకెలు ఉంటాయి. మీటరులో 1,200 గంటలు చూపిస్తూ టైర్లు మాత్రం కొత్తవైతే, పాత టైర్లు ఎక్కడ అరిగాయో అమ్మేవాడిని అడగండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు కొట్టివేశారో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

"కిరాయిని నమ్ముకుంటే అదునుకు బండి దొరకదు"

ఇది అపోహ అని రాయడానికి కూర్చున్నా. మా బావ రాయనివ్వలేదు. ఆయనకు నాలుగెకరాలు సొంతం, ఆరెకరాలు కౌలు. పైన రాసిన లెక్కంతా ఫిల్టరు డబ్బా అట్ట వెనక వేసి ఆయనకు చూపించా. ఓపిగ్గా చూశాడు.

"లెక్క సరే బావా. కాల్వకు నీళ్లొచ్చిన నాడు నీ అట్ట వచ్చి నా పొలం దున్నుతదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నారు ముదిరిపోతుంటే పది రోజులు బండి కోసం తిరిగినవాడికి గంట వాటా 500 అని చెప్పడం ఎగతాళి చేసినట్టే ఉంటుంది. కిరాయి యంత్రాల కేంద్రాలు కాగితం మీద మంచివే. ఆంధ్రలో యంత్రసేవ పేరుతో రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం సొంత వాటాతో ఇచ్చారు. కానీ గ్రూపు బండి అంటే బాగుచేయించే బాధ్యత ఎవరిదో తేలదు. అట్లాంటి యంత్రం ఒకటి బెల్టు తెగి సీజనంతా నా షెడ్డు వెనకాల పడి ఉండడం చూశా. పైగా అందరికీ అదే పది రోజుల్లో కావాలి.

చివరికి బావ, ఆయన ఇద్దరు పాలివాళ్లు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ 42 హెచ్‌పీ తీశారు, నేను చూసిపెట్టా. ఇంజన్ బావ పేరున, రోటవేటర్ ఒకరి పేరున, దమ్ము చక్రాలు, ట్రాలీ ఇంకొకరి పేరున. ఒకరు అలిగితే మిగతా ఇద్దరి పనీ ఆగుతుంది గనక ఎవరూ అలగరని బావ థియరీ. ఇరవై ఆరెకరాల మీద ఒక్క బండి. దమ్ముకు మొదట ఎవరి పొలం అన్న దగ్గర మాత్రం గొడవ తేలక నా షెడ్డుకే వచ్చారు. ఆయిల్ పోసే గరాటులో మూడు చీటీలు వేసి ఊపి తీశాం.

బావకు మూడో నంబరు వచ్చింది. అప్పటి నుంచి కంపెనీని తిట్టడం మానేసి నన్ను తిడుతున్నాడు.